సంచుల కాపలా

ఉరవకొండ బజారు వీధిలో రామలింగయ్య అంగడి తెలియనివాళ్ళు లేరు గాని, ఆయన భార్యకు ఒక పేరుందని తెలిసినవాళ్ళు తక్కువ. పెండ్లయి ఆ ఇంట్లో కాలు పెట్టిన మరునాటి నుంచే ఆమె అందరికీ శెట్టెమ్మ. చక్కెర పొట్లానికి వచ్చిన పిల్లలకూ శెట్టెమ్మే, శెనక్కాయల మూటలు దించే హమాలీలకూ శెట్టెమ్మే. మొగుడు ఎటూ పేరు పెట్టి పిలవడు. సుమిత్రా అని నోరారా పిలిచే మనిషి ఊరు మొత్తానికి ఒక్కతే. ఆమె వనజాక్షి.

ఇద్దరూ ఆరో తరగతి నుంచి పది దాకా ఆడపిల్లల హైస్కూల్లో ఒకే బెంచీ. వనజాక్షి విడపనకల్లు దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. భూములున్న ఇంటి పిల్ల, గట్టి గొంతు, ఎవరికీ జంకేది కాదు. సుమిత్రది నోట్లో నాలుక లేని వాలకం. లెక్కల అయ్యవారు ఒకసారి సుమిత్రను నల్లబల్ల దగ్గర నిలబెట్టి, సుద్దముక్క చేతికిచ్చి, లెక్క రాక వణుకుతుంటే తరగతి అంతా నవ్వేట్టు ఏదో అన్నాడు. వనజాక్షి లేచి, ఆ పాపకు ఒళ్ళు బాగలేదు, నేను చేస్తా సార్ అని వచ్చి సుద్దముక్క లాక్కుంది. ఆ ఒక్క సాయానికి సుమిత్ర జన్మంతా కట్టుబడిపోయింది.

తొమ్మిదిలో ఉండగా బడి పిల్లల్ని హంపికి తీసుకుపోయారు. సుమిత్రను వాళ్ళ నాయన పంపలేదు. వనజాక్షి పోయి వచ్చి, వారం రోజుల పాటు మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు హంపి అంతా చెప్పింది. రాతిరథం చక్రాలు ఎంతెంత ఉన్నాయో, తుంగభద్ర నీళ్ళు ఎట్లా పారుతున్నాయో చేతులు తిప్పి చూపించింది. హంపి నేనూ చూసినట్టే అయిందని సుమిత్ర అప్పట్లో నిజంగానే సంతోషపడింది.

తర్వాత పెండ్లిళ్ళు. వనజాక్షిని పక్క పల్లెలోనే భూములున్నవాళ్ళకు ఇచ్చారు. ఉన్నదంతా మెట్ట. వానను నమ్ముకుని విత్తనం వేయడం, మబ్బు చూస్తూ కూర్చోవడం, కాయ పట్టే వేళకు ఎండబెట్టడం. వరసగా పంటలు పోయిన ఏండ్లలో వనజాక్షి గుప్పిట మూయడం నేర్చుకుంది. అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండు చేసి వాడేదని పనివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఎంత కరువులోనైనా సంతరోజు ఉరవకొండకు వస్తే మాత్రం రామలింగయ్య అంగడిలో గల్లాపెట్టె వెనక్కు వచ్చి, పీట లాక్కుని, ఏమ్మే సుమిత్రా అని కూర్చునేది. ఆ అరగంట కోసం సుమిత్రమ్మ వారమంతా ఎదురుచూసేది. పిల్లలు కలగలేదు. మాట్లాడేదానికి మరో మనిషీ లేదు.

కాలం తిరిగింది. వనజాక్షి వాళ్ళ గట్టు మీది భూముల్లో గాలిమరలు లేచాయి. వాన రాకపోయినా కరెంటు కంపెనీ నుంచి కౌలు డబ్బు రావడం మొదలైంది. మొగుడు పోయాడు, కొడుకు ప్రవీణ్ బెంగళూరులో స్థిరపడ్డాడు. ఇటు రామలింగయ్య కూడా ఒక వేసవిలో గుండె ఆగి పోయాడు. అంగడి మరిది కొడుకు అనిల్ కుమార్ చేతికి వచ్చింది. వాడు చెడ్డవాడేమీ కాదు. పెద్దమ్మకు మిద్దె మీద గది ఇచ్చాడు, వేళకు ఇంత తిండి పంపేవాడు. ఆమె మాత్రం పొద్దున్నే కిందికి దిగి, అంగడి మూలన కూర్చుని, పప్పులు చెరిగి పెట్టేది. అలవాటు.

అట్లా ఉన్న రోజుల్లో వనజాక్షి వచ్చి లంకకు పోదామంది. సీతమ్మ ఉన్న చోటు చూడొచ్చు, సముద్రం చూడొచ్చు, బెంగళూరు నుంచి విమానంలో పోతే కునుకు తీసే లోపల దిగుతామంది. టూరు కంపెనీల వాళ్ళు దోచుకుంటారు, మనమే రైళ్ళు, బస్సుల్లో తిరిగి, చిన్న చిన్న లాడ్జీల్లో ఉండి, వండుకుని తింటే చాలా తక్కువలో అయిపోతుందని కూడా చెప్పింది. తిరుపతి, మంత్రాలయం తప్ప ఏమీ చూడని సుమిత్రమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తన ఖర్చు తనే పెట్టుకుంటానని, ఒక జత బంగారు గాజులు అమ్మి, ఆ డబ్బు వనజాక్షి చేతిలో పెట్టింది. అనిల్‌కు మాత్రం గాజుల సంగతి చెప్పలేదు. చెబితే వద్దంటాడని.

పోయే ముందు నాలుగు రోజులు నిప్పట్లు కాల్చింది, చెనిగింజల పొడి కొట్టింది, చింతపండు గుజ్జు ఉడికించి డబ్బాకెత్తింది. బొరుగులు కట్టింది. కరెంటుతో నడిచే చిన్న అన్నం కుక్కరు ఒకటి వనజాక్షి తెచ్చింది. అది సుమిత్రమ్మ సంచిలోకే చేరింది. బెంగళూరు విమానాశ్రయం దగ్గర ప్రవీణ్ తల్లిని దించి, మాత్రల డబ్బా తీసుకొచ్చి సుమిత్రమ్మకు ఇచ్చాడు.

"పొద్దున రెండు, సాయంత్రం ఒకటి. మోకాళ్ళకు నూనె మర్చిపోవద్దమ్మా. మీరు ఎంట ఉండారనే ధైర్యంతో పంపిస్తాండా."

చిన్నప్పుడు అంగడికి వస్తే పిన్నమ్మా అని కొంగు పట్టుకుని బెల్లంముక్క అడిగిన పిల్లవాడు. పెద్దవాడయ్యాడు, మర్యాద నేర్చాడు అనుకుని సుమిత్రమ్మ డబ్బాను జాగ్రత్తగా సంచి అడుగున పెట్టుకుంది.

కొలంబోలో మొదటి సాయంత్రం బాగా గడిచింది. సముద్రపు ఒడ్డున పెద్ద మైదానం ఉంది, పోవడానికి టికెట్ లేదు. జనం గాలిపటాలు ఎగరేస్తున్నారు. సుమిత్రమ్మ సముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. బిందె నీళ్ళ కోసం ఆడవాళ్ళు కుళాయి దగ్గర జుట్లు పట్టుకునే ఊరి నుంచి వచ్చిన మనిషి. ఇద్దరూ చీరలు మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని నీళ్ళలో నిలబడ్డారు. అల వచ్చి తడిపితే వనజాక్షి చిన్నపిల్లలా కేక పెట్టి సుమిత్రమ్మ భుజం పట్టుకుంది. మనిద్దరం ఈడికి వస్తిమి చూడు మే, ఎవురు చేయగలరు అంది. ఆ మాటకు సుమిత్రమ్మ కండ్లలో నీళ్ళు తిరిగాయి. తర్వాత ఎంత జరిగినా ఆ సాయంత్రాన్ని అబద్ధమని ఆమె అనుకోలేకపోయింది. అదే ఆమెకు ఎక్కువ బాధ.

మరునాడు రైల్లో మూడో తరగతి పెట్టెలో క్యాండీకి పోయారు. ఒక పూట అద్దె మిగులుతుందని వనజాక్షి పొద్దున్నే లాడ్జీ ఖాళీ చేయించింది. దాంతో సంచులన్నీ వెంటే. బుద్ధుడి దంతం ఉన్న గుడి ముందుకు పోయేసరికి సంచులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పెట్టే చోట డబ్బు అడిగారు. లోపలికి పోవడానికి టికెట్ వేరే.

"ఇద్దరికీ టికెట్లు ఎందుకు మే? నేను చూసొచ్చి చెప్తా. నువ్వు ఈడ నీడలో కూర్చో."

సుమిత్రమ్మ చెరువు గట్టున సంచుల మధ్య కూర్చుంది. తప్పుగా అనిపించలేదు. వనజాక్షి వచ్చి, లోపల డోళ్ళు వాయిస్తున్నారని, బంగారు పెట్టె దూరం నుంచే చూపిస్తారని చెప్పింది. మరునాడు క్యాండీ పక్కనున్న పేరాదెనియా తోటకు పోయినప్పుడూ అదే జరిగింది. తోట పెద్దది, మోకాళ్ళతో నేను తిరిగే లోపల నువ్వు అలిసిపోతావ్, గేటు కాడ ఉండు అంది వనజాక్షి. గేటు ఊచల్లోంచి లోపల వరసగా తాటిచెట్ల లాంటివి ఆకాశంలోకి లేచి కనిపించాయి. అంతకు మించి కనపడలేదు. రెండు గంటల తర్వాత వనజాక్షి వచ్చి, ఏముందిలే, చెట్లే, అని చెప్పులు విప్పి కాళ్ళు పిసుక్కుంది. ఈసారి చెప్పడానికి కూడా ఓపిక చేసుకోలేదు. సుమిత్రమ్మ తెచ్చిన పులిహోర తిన్నది.

రోజూ పొద్దున లాడ్జీ గదిలో వండేది సుమిత్రమ్మే. వనజాక్షి జాకెట్లు తనే ఉతికి కిటికీకి ఆరేసేది, ఆమె మోకాళ్ళకు నూనె రాసేది, మాత్రలు ఇచ్చేది, ఫొటోలు తీసేది. ఫోను వనజాక్షిది. నువ్వు ఇట్లా పట్టుకో, ఇట్లా నొక్కు అని నేర్పింది. స్నేహితురాలి మోకాళ్ళు బాగలేవు, నావి బాగున్నాయి, చేస్తే ఏమైంది అనుకునేది సుమిత్రమ్మ.

కొండల మీదున్న నువర ఎళియకు చేరేసరికి వాన. మన దగ్గర ఏడాదికి పడే వాన అక్కడ ఒక్క రోజులో పడిపోతుందా అన్నట్టు కురుస్తోంది. చలి. లాడ్జీలో బళ్ళారి నుంచి వచ్చి, కొలంబోలో వ్యాను మాట్లాడుకున్న తెలుగువాళ్ళు దిగి ఉన్నారు. రెండు కుటుంబాలు. వనజాక్షి గంటలో వాళ్ళందరితో కలిసిపోయింది. ఆ కుటుంబాల్లో పెద్దావిడ పేరు ఉమాదేవి. మెడ నిండా నగలు, మనిషి కలుపుగోలు. పొద్దున సీతమ్మ గుడికి వాళ్ళ వ్యానులో ఒక చోటు ఖాళీ ఉందట.

సుమిత్రమ్మ వసారా చివర కుళాయి దగ్గర కుక్కరు గిన్నె కడుగుతోంది. వాన చప్పుడులోనూ వనజాక్షి గొంతు గొంతే. గట్టిది. ఆమె ఎవురు, మీ చెల్లెలా అని ఉమాదేవి అడిగింది.

"చెల్లెలు కాదు. మా ఊరి అంగట్లో ఉంటాది. మోకాళ్ళ నొప్పులు గదా నాకు, వంటకూ దానికీ ఉంటాదని ఎంట తెచ్చుకున్నా. నమ్మకమైన మనిషి."

సుమిత్రమ్మ చేతిలో గిన్నె అట్లాగే నీళ్ళ కింద ఉండిపోయింది. నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టాలని తోచలేదు. తను విన్నది ఇంకెవరి గురించో అయి ఉంటుందని ఒక క్షణం అనుకుంది. తర్వాత ప్రవీణ్ ఇచ్చిన మాత్రల డబ్బా, మీరు ఎంట ఉండారనే ధైర్యం, ఆ 'అమ్మా' అనడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి అర్థమయ్యాయి. ఈ మాట నిన్నటిదీ ఈవేళటిదీ కాదు. ఇంటి దగ్గర నుంచే అట్లా చెప్పి బయలుదేరదీసింది.

వనజాక్షి గదిలోకి వచ్చి, వ్యానులో ఒక్కటే చోటుంది, నేను పోయొస్తా, నువ్వు బస్సులో వస్తే రా, లేకుంటే వంట చూడు అంది. సుమిత్రమ్మ సరే అంది. పొద్దున వ్యాను పోయింది. కుక్కరులో బియ్యం పోసి, మళ్ళీ సంచిలోకి ఒంపేసి, చీర మార్చుకుని బయలుదేరింది. సీతమ్మను చూడటానికే ఇంత దూరం వచ్చింది. ఆ ఒక్కదాన్ని కూడా వనజాక్షి నోట వినడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

బస్సులో పక్కన టీ తోటల్లో పనిచేసే అరవ ముసలామె కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా, సీతమ్మ పేరు చెప్పి చెయ్యి చూపిస్తే, దిగే చోటు వచ్చినప్పుడు ముసలామె లేచి, అక్కా అని భుజం తట్టి, గుడిని వేలితో చూపించింది. గుడి చిన్నది, రోడ్డు పక్కనే. వెనక వాగు పారుతోంది. వాగులోని బండ మీద హనుమంతుడి పాదాలని గుంతలు చూపిస్తారు. సుమిత్రమ్మ మెట్ల దగ్గరికి పోయేసరికి బళ్ళారి వాళ్ళు లోపలికి పోవడానికి సిద్ధమవుతున్నారు. వనజాక్షి వాళ్ళ మధ్యలో ఉంది. సుమిత్రమ్మను చూసింది. చూసి పక్కామెతో మాటల్లో పడింది.

ఉమాదేవి మాత్రం నవ్వుతూ వచ్చింది. వచ్చినావామ్మా, మంచిదయింది అంటూ తన చేతిసంచి, రెండు గొడుగులు సుమిత్రమ్మకు అందించి, విప్పిన చెప్పుల కుప్పను చూపించింది.

"ఇవి కొంచెం చూస్తాండమ్మా. మేం దర్శనం చేసుకొని వస్తాం. తర్వాత నువ్వు పోదువులే."

ఆమె మాటలో ఎగతాళి లేదు, కసురూ లేదు. పనిమనిషితో మంచివాళ్ళు మాట్లాడే మాట అది. సుమిత్రమ్మ వనజాక్షి వైపు చూసింది. ఒక్క మాట చాలు. ఈమె నా స్నేహితురాలు, అని. వనజాక్షి కొంగు తల మీదికి లాక్కుని, మెట్లెక్కి లోపలికి పోయింది.

సుమిత్రమ్మ చెప్పుల దగ్గర నిలబడింది. అవి వదిలేసి లోపలికి పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అయినా నిలబడింది. జల్లు పడుతుంటే ఉమాదేవి చేతిసంచి తడవకుండా కొంగు కప్పింది కూడా. వాళ్ళు బయటికి వచ్చాక పోయి సీతమ్మ ముందు నిలబడితే, ఇంత దూరం నుంచి అడగాలనుకుని వచ్చింది ఒక్కటీ గుర్తు రాలేదు. పూజారి చేతిలో పెట్టిన కుంకుమ వానకు కరిగి మణికట్టు దాకా జారింది.

సాయంత్రం గదిలో, పొయ్యి లేదు, వంట లేదు. వనజాక్షి మంచం మీద కూర్చుని మోకాళ్ళు ఒత్తుకుంటోంది. సుమిత్రమ్మ తలుపు వేసి నిలబడింది. జీవితంలో ఆమె మొదటిసారి వనజాక్షిని నిలదీసింది.

"నేను నీకు వంటమనిషినా వనజా?"

వనజాక్షి మొదట దాటేయాలని చూసింది. ఊరికే సీటు కోసం అన్న మాట, అంతా పట్టించుకుంటే ఎట్లా అంది. మరి ప్రవీణ్‌కు ఏం చెప్పినావని సుమిత్రమ్మ అడిగేసరికి మొహం మారింది. వాడు ఒంటరిగా పంపనన్నాడు, మనిషిని పెట్టుకుంటే గాని పోవద్దన్నాడు, అట్లా చెప్పకుంటే ఇద్దరం ఇంటి దగ్గరే ఉండేవాళ్ళం అంది. సుమిత్రమ్మ కదలకుండా నిలబడే ఉండటం చూసి ఆమెకూ కోపం వచ్చింది.

"నేను కూర్చోమన్నానా నిన్ను? ఒక్కసారన్నా నేనూ లోపలికి వస్తానంటివా? నువ్వు యాడికి పోయినా సంచుల కాడ కూర్చునేదానివే మే. బడి కాడ్నుంచీ అంతే. దానికి నన్నంటే నేనేం జేసేది?"

 అది అబద్ధమైతే సుమిత్రమ్మ కొట్టిపారేసేది. సగం నిజం. ఆరోజు మధ్యాహ్నం చెప్పుల కుప్ప దగ్గర ఎవరూ కట్టేయకుండానే నిలబడ్డ తన కాళ్ళు ఆమెకు గుర్తొచ్చాయి. తన పాస్‌పోర్టు, తన డబ్బులో మిగిలింది అడిగి తీసుకుంది. రేపు నేను వేరే పోతా, విమానం దగ్గరికి వస్తా అంది. పోతే పో, దోవ తప్పితే నాకు తెలీదు అని వనజాక్షి గోడ వైపు తిరిగి పడుకుంది.

మరునాడు సుమిత్రమ్మ మాత్రల డబ్బా వనజాక్షి తల దగ్గర పెట్టి, ఒక్కతే రైలెక్కి వెనక్కు వచ్చి, మళ్ళీ పేరాదెనియా తోటకు పోయింది. సంచి భుజానే వేసుకుని, టికెట్ తీసుకుని గేటు లోపలికి అడుగుపెట్టింది. మొన్న ఊచల్లోంచి చూసిన చెట్ల వరస లోపలి నుంచి ఎంతో పొడుగు. ఒక చోట మర్రి జాతి చెట్టు ఒక్కటే మైదానమంతా పరుచుకుని ఉంది. దాని కింద వందమంది కూర్చున్నా ఎండ తగలదు. కొమ్మల నిండా తలకిందులుగా గబ్బిలాలు. నేల ఎక్కడా ఎర్రగా కనపడలేదు, అంతా పచ్చే. ఇంత పచ్చదనాన్ని ఏముందిలే, చెట్లే అనిందే అని ఆశ్చర్యపోయి, వనజా, ఇటు చూడు అని పైకే అనేసింది.

పక్కన ఎవరూ లేరు. ఎవరో తెల్లవాళ్ళు తలతిప్పి చూశారు. తన నోటి మీద తనకే అసహ్యం వేసింది. ఆ తర్వాత చూసిందేదీ ఆమెకు ఇంపు కాలేదు. చెప్పుకోవడానికి మనిషి లేని చూపు ఎందుకని, సగం తోట మిగిలి ఉండగానే బయటికి వచ్చేసింది.

విమానంలో పక్కపక్క సీట్లే. వనజాక్షి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మాత్రల వేళకు మాత్రం సుమిత్రమ్మ ఆమె సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చింది. వనజాక్షి తీసుకుంది. బెంగళూరులో ప్రవీణ్ కారు తెచ్చాడు. తను బస్సులో పోతానని సుమిత్రమ్మ బస్టాండుకు పోయి, రాత్రి బస్సుకు ఉరవకొండ చేరింది.

ఊళ్ళో కథ ఆమె కంటే ముందే చేరింది. వనజాక్షమ్మ తన ఖర్చుతో శెట్టెమ్మకు లంక చూపించిందని అందరికీ తెలిసిపోయింది. వనజాక్షి పంపిన ఫొటోలు అనిల్ కుమార్ అంగట్లో కూర్చుని వచ్చినవాళ్ళకల్లా చూపించాడు. సముద్రం ముందు వనజాక్షి, దంతం గుడి ముందు వనజాక్షి, తేయాకు తోటలో వనజాక్షి.

"ఒక్క దాంట్లో కూడా నువ్వు లేవే పెద్దమ్మా?"

తీసింది నేనే గదప్పా అని చెప్పి ఆమె చేటలోకి తలవంచుకుంది. ఎదురింటి రామాంజినమ్మ వచ్చి, ఆ తల్లి పుణ్యాన సీతమ్మను చూస్తివి, ఈ కాలంలో ఎవరు తీసుకుపోతారు శెట్టెమ్మా అంది. సుమిత్రమ్మ ఒక్కసారి నోరు తెరిచి, నా గాజులమ్మి నేను పోయినా అని చెప్పింది. రామాంజినమ్మ ఆమె మొహంలోకి వింతగా చూసింది. మేలు చేసినవాళ్ళ మీద ఇట్లా అంటుందేమిటా అని ఆ చూపు. సాయంత్రానికి ఆ మాట కూడా బజారంతా తిరిగింది, మంచిగా మాత్రం తిరగలేదు. ఆ తర్వాత సుమిత్రమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

వనజాక్షి సంతరోజున రావడం మానేసింది. కావలసిన సరుకులు పనివాడు వెంకటేశులును పంపి తెప్పించుకునేది. ఎనిమిది నెలలకు ప్రవీణ్ మిద్దె మీదికి వచ్చాడు. అమ్మకు మోకాళ్ళు మార్పించే ఆపరేషను పెట్టుకున్నామని, బెంగళూరులో ఆసుపత్రిలో పది రోజులు ఉండాలని, అమ్మ మీ పేరే చెబుతోందని అన్నాడు. ఆ మాటకు సుమిత్రమ్మ మనసు కదిలింది. నిజం చెప్పాలంటే లేచి గదిలోకి పోయి, ఏ చీరలు సర్దుకోవాలా అని కూడా ఆలోచించింది. ఆమె ఆలస్యాన్ని ప్రవీణ్ వేరేగా అర్థం చేసుకున్నాడు.

"ఊరికే వద్దులేమ్మా. రోజుకు ఇంతని మాట్లాడుకుందాం. నర్సుల కంటే మీరైతే అమ్మకు అలవాటు."

సుమిత్రమ్మ గడప లోపలే ఆగిపోయింది. చిన్నప్పుడు నన్ను ఏమని పిలిచేవాడివో గుర్తుందా అని అడుగుదామనుకుంది. వాడి మొహంలో ఏ కల్మషమూ లేదు, తల్లి చెప్పిందే వాడికి తెలుసు. అడిగి ఏం లాభం? నాకు కుదరదప్పా, అమ్మను నేను అడిగినానని చెప్పు అంది. వాడు మొహం చిన్నబుచ్చుకుని పోయాడు.

ఆపరేషను బాగా జరిగింది. వనజాక్షి ఇప్పుడు బెంగళూరులో కొడుకు దగ్గరే ఉంటోంది, కర్ర లేకుండా నడుస్తోంది. ఆ సంగతి వెంకటేశులు అంగడికి వచ్చి చెప్పాడు. అది చెప్పి ఊరుకోకుండా, కష్టంలో పిలిస్తే సుమిత్ర రాలేదని అమ్మ చానా బాధపడతాండాదని కూడా అన్నాడు. అంగట్లో సరుకులు కొనేవాళ్ళు శెట్టెమ్మ వైపు తిరిగి చూశారు. లంకకు తీసుకుపోయినామెకు పది రోజులు సాయం చేయలేకపోయెనే అని ఎవరో గొణిగారు.

సుమిత్రమ్మ విన్నది. నడుస్తాండాదా, మంచిదే అని వెంకటేశులుతో అంది. కందిపప్పు తూకం వేసి, పొట్లం కట్టి వాడి చేతిలో పెట్టింది.